ముక్కు సర్జరీ అయ్యి నాలుగు రోజులు: ఇంట్లో ఏ పనులు చేయకూడదు? అమ్మ ఆవిరి పట్టమంటోంది

తూర్పుగాలి | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. పోయిన గురువారం హైదరాబాద్‌లో నాకు రైనోప్లాస్టీ జరిగింది. వయసు 27. ముక్కు దూలం మీద ఎత్తుగా ఉన్న ఎముకను తగ్గించారు, లోపల వంకరగా ఉన్న గోడను కూడా సరిచేశారు. ముక్కు మీద స్ప్లింట్ (ముక్కు కదలకుండా అంటించే గట్టి పట్టీ) ఉంది. రెండు కళ్ల కింద వంకాయ రంగులో కమిలిపోయింది. ఏడో రోజు వస్తే స్ప్లింట్, కుట్లు తీస్తామన్నారు.

డిశ్చార్జి కాగితం మీద ఉన్నవి పది లైన్లు. ముక్కు చీదొద్దు, బరువులు ఎత్తొద్దు, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, ఇలాంటివి. ఇంట్లో చూస్తే రోజుకు వంద పనులు. ఒక్కోదానికీ ఫోన్ చేసి అడగాలంటే మొహమాటంగా ఉంది.

అమ్మ కాకినాడ నుంచి వచ్చి నాకు తోడుగా ఉంటోంది. ముక్కు రెండు వైపులా దిబ్బడ వేసింది, రాత్రంతా నోటితోనే గాలి పీలుస్తున్నాను, నాలుక పిడచకట్టుకుపోతోంది. అది చూడలేక అమ్మ పొద్దున్నే నీళ్లు మరగబెట్టి, పసుపు వేసి, దుప్పటి తీసుకుని వచ్చి కూర్చుంది. వద్దంటే బాధపడింది. ఆవిరి పట్టొచ్చా? ఇంకో సంగతి, 26 రోజుల్లో అన్నవరంలో తమ్ముడి పెళ్లి. అప్పటికి మామూలుగా తిరగగలనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

శ్రావణమేఘం | సోమవారం, ఉదయం 9:40

ఆవిరి వద్దు చెల్లీ. ముందు ఆ గిన్నె వంటింట్లో పెట్టించు, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నాకు ఇదే సర్జరీ అయ్యి రెండేళ్లు. ఆరో రోజు పొద్దున లేచేసరికి నొప్పి బాగా తగ్గింది, ఇక ఫర్వాలేదనుకున్నాను. మంచం కింద పడిన ఫోన్ ఛార్జర్ తీద్దామని వంగాను. అంతే. ముక్కు లోపల ఏదో వెచ్చగా జారింది. తెల్ల టైల్ మీద ఒక చుక్క, దాని పక్కన ఇంకో చుక్క, తర్వాత ధారే. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. ముక్కు కింద దూది గుడ్డ పట్టుకుని, గోడకు ఆనుకుని నిటారుగా కూర్చుని, వణికే చేత్తో హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. వెళ్లాక చూసి, కుట్లకేం కాలేదన్నారు. కానీ ఆ అరగంట నేను పడ్డ భయం నీకు వద్దు.

ఆ రోజు నుంచి మూడు వారాల పాటు కింద పడింది ఏదైనా సరే మోకాళ్లు వంచి, తల నిటారుగా ఉంచి, గొంతుక్కూర్చుని తీశాను. ఎవరైనా పక్కనుంటే వాళ్లనే తీయమన్నాను. సిగ్గుపడకు, పని చెప్పు.

కొండపల్లి_బొమ్మ | సోమవారం, ఉదయం 9:58

అమ్మ మనసు నాకు అర్థమవుతుంది తల్లీ. మా కాలంలో జలుబుకైనా దెబ్బకైనా ఆవిరి, పసుపే మందులు. ఆవిరి వద్దంటే సరే, పసుపు వెన్నలో కలిపి కుట్ల మీద పలచగా రాస్తే త్వరగా మానుతుంది కదా? పసుపు ఏ హానీ చేయదు.

సిస్టర్_బెజవాడ | సోమవారం, ఉదయం 10:31

నేను ప్లాస్టిక్ సర్జరీ వార్డులో 11 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. కొండపల్లి అమ్మా, కుట్ల మీద మాత్రం వద్దండీ. వంటింటి పసుపు శుభ్రం చేసిన మందు కాదు. డబ్బాలో రోజూ తడి చెంచా, చేయి పడుతుంటాయి. వెన్నతో కలిపి రాస్తే అది కుట్ల సందుల్లో పేరుకుపోతుంది. ఇన్‌ఫెక్షన్ వస్తే మచ్చ మిగిలిపోతుంది. పైగా చర్మం పసుపుపచ్చగా ఉంటే ఎర్రబడిందో లేదో మాకూ కనబడదు. కూరలో వేసే పసుపు సంగతి వేరు, అది మామూలుగా తినొచ్చు. కుట్లకు డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ ఒక్కటే.

తూర్పుగాలి గారూ, ఆవిరి ఎందుకు వద్దో కారణం చెప్తాను. మీ అమ్మగారికి ఇలాగే చెప్పండి, వింటారు. ఇప్పుడు మీ ముక్కులో ఉన్నది జలుబు దిబ్బడ కాదు. ఆవిరి పడితే కరిగి వచ్చేసే కఫం అక్కడ లేదు. లోపలి పొర వాచింది, కాస్త రక్తం ఎండి అట్టకట్టింది. వేడి తగిలితే రక్తనాళాలు వెడల్పవుతాయి, వాపు ఇంకా పెరుగుతుంది. అతుక్కుంటున్న చోట రక్తం గడ్డ వదులైతే మళ్లీ కారుతుంది. స్ప్లింట్ కింద జిగురు కూడా చెమ్మకి ఊడిపోతుంది. మీ డాక్టర్ ఉప్పు నీళ్ల స్ప్రే రాసే ఉంటారు, ఎన్నిసార్లు కొట్టమన్నారో అన్నిసార్లు కొట్టండి. పెదాలకు వాజెలిన్, మంచం పక్కన నీళ్ల సీసా. ఆ అట్టలను గోటితో, దూది పుల్లతో పీకకండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

వేడి అంటే ఆవిరి గిన్నె ఒక్కటే కాదు. పొగలు కక్కే టీ ముఖం దగ్గర పెట్టుకోవడం, కుక్కర్ మూత తీస్తూ మీదికి వంగడం, వేడి వేడి నీళ్ల తలస్నానం కూడా అంతే. గోరువెచ్చని నీళ్లతో ఒంటికి మాత్రం పోసుకోండి, స్ప్లింట్ తడవకూడదు. తల మరీ జిడ్డుగా ఉంటే సెలూన్‌లో లాగా వెనక్కి వాలి కూర్చోండి, అమ్మగారు కడుగుతారు. ముందుకు వంగి మాత్రం వద్దు.

అసలు శత్రువు తాలింపు. ఎండుమిర్చి మాడిందంటే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. తుమ్ము వస్తే ఆపకండి, ముక్కు పట్టుకోకండి. నోరు బార్లా తెరిచి తుమ్మండి, ఒత్తిడంతా నోటి గుండా పోతుంది. తాలింపు వేసేటప్పుడు మీరు గదిలో తలుపేసుకుని ఉండండి. సాంబ్రాణి పొగ, అగరబత్తి, దుమ్ము దులపడం, పాత బీరువా సర్దడం, అన్నీ కొన్నాళ్లు మానేయండి.

తూర్పుగాలి | సోమవారం, ఉదయం 11:05

సిస్టర్ గారూ, ఎంత థాంక్స్ చెప్పినా చాలదు. ఇది అమ్మకు చదివి వినిపించాను. "కఫం కాదా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని గిన్నె తీసుకెళ్లిపోయింది. ఇప్పుడు వెల్లుల్లి చారు పెడతానంటోంది. అలాగే, నొప్పి ఎక్కువైతే ఇంట్లో ఉన్న కాంబిఫ్లామ్ వేసుకోవచ్చా?

సిస్టర్_బెజవాడ | సోమవారం, ఉదయం 11:20

చారు తాగండి, చల్లారాక. వంటలో వేసే నాలుగు రెబ్బలతో ఏమీ కాదు. వెల్లుల్లి క్యాప్సూల్స్, చేప నూనె, విటమిన్-ఇ మాత్రలు మాత్రం డాక్టర్ చెప్పేదాకా ఆపండి, వాటితో రక్తం కారే గుణం పెరగొచ్చు.

కాంబిఫ్లామ్ సొంతంగా వద్దు. అందులో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ ఉంటుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఇవన్నీ రక్తం గడ్డకట్టడాన్ని కాస్త తగ్గిస్తాయి. మీకు రాసిన నొప్పి మాత్రే వేసుకోండి, చాలకపోతే ఫోన్ చేయండి. చదివే మిగతావాళ్లకు ఒక మాట: గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు దాన్ని సొంతంగా ఆపొద్దు, బీపీ మాత్ర అసలు మానొద్దు. ఆ నిర్ణయం డాక్టర్లదే.

ఇంకొకటి, సిగ్గుపడి ఎవరూ అడగరు. కొన్ని నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది. బాత్రూంలో ముక్కితే ఆ ఒత్తిడంతా ముఖంలోకే ఎక్కుతుంది. నీళ్లు, అరటిపండు, ఆకుకూర తీసుకోండి, రెండో రోజుకీ కాకపోతే డాక్టర్‌ని అడిగి సిరప్ తీసుకోండి.

వరంగల్_కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

నాది యాక్సిడెంట్ తర్వాత సరిచేసిన ముక్కు. నేను చేసిన రెండు తప్పులు రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది సిగరెట్. సర్జరీకి నెల ముందే మానమన్నారు, మానాను. అయ్యాక పదో రోజు ఫ్రెండ్స్ వస్తే ఒకటి కాల్చాను, తర్వాత రోజుకు మూడు. కింద కుట్టు దగ్గర చర్మం మానడం ఆలస్యమైంది. చెకప్‌లో డాక్టర్ ముఖం చూసే అడిగేశారు. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుందట, మానాల్సిన చర్మానికి రక్తం అందదట. గుట్కా, ఖైనీ, హుక్కా, వేప్, చివరికి నికోటిన్ గమ్ అయినా అంతేనన్నారు. ఆ రోజు జేబులో ఉన్న పెట్టె అక్కడే పడేశాను.

రెండోది జిమ్. రెండు వారాలు నిండగానే లెగ్ ప్రెస్ చేశాను. చేతులు కాదు కదా, కాళ్లే కదా అనుకున్నాను. బరువు ఏ అవయవంతో నెట్టినా ఊపిరి బిగబట్టేది ఒకటే, బీపీ ఎక్కేది ఒకటే. ముక్కులోంచి రక్తం వచ్చింది. మామూలు నడక మొదటి వారం నుంచే మంచిదని చెప్పారు. పరుగు, బరువులు మాత్రం మా డాక్టర్ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమన్నారు. కబడ్డీ లాంటివి ఇంకా చాలా నెలలు.

బైక్ కూడా చెప్పాలి. ఫుల్ హెల్మెట్ తలకు తొడిగేటప్పుడు ముక్కునే రాసుకుంటూ దిగుతుంది. హెల్మెట్ లేకుండా ఎలాగూ వెళ్లకూడదు. కాబట్టి బైకే వద్దు, ఆటోలో వెళ్లండి.

పాలపిట్ట | సోమవారం, మధ్యాహ్నం 2:50

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది తప్పకుండా చదవండి.

మా బాబుకి అప్పుడు ఏడాదిన్నర. నాకు సర్జరీ అయ్యి మూడో వారం, స్ప్లింట్ తీసేశారు, ముఖం మామూలైపోయింది, అందరూ బాగుందంటున్నారు. రాత్రి వాడు ఏడిస్తే అలవాటుగా పక్కన పడుకోబెట్టుకున్నాను. నిద్రలో ఒక్కసారి తల విదిల్చాడు. వాడి నుదురు నా ముక్కు మీద తగిలింది, టక్ మని చిన్న చప్పుడు. నొప్పి కంటే ఆ చప్పుడే ఇప్పటికీ గుర్తుంది. దూలం కాస్త ఎడమకు జరిగింది. ఎముక గట్టిగా అతుక్కోవడానికి ఆరు వారాల దాకా పడుతుందని, చూడ్డానికి మానినట్టుండడం వేరు, లోపల గట్టిపడడం వేరని అప్పుడు చెప్పారు. ఇప్పటికీ ఫొటోలో నాకు తెలుస్తుంది. బాబు మీద కోపం లేదు, వాడికేం తెలుసు? ఆ ఆరు వారాలు వాణ్ణి వాళ్ల నానమ్మ దగ్గర పడుకోబెట్టాల్సింది.

పిల్లల్ని చంకనెత్తుకోవద్దు. బరువు ఒక సమస్య, వాళ్ల చేతులు, తల ఇంకో సమస్య. మీరు కుర్చీలో కూర్చున్నాక ఎవరైనా తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టాలి, వాడి వీపు మీ వైపు ఉండాలి.

శ్రావణమేఘం | సోమవారం, మధ్యాహ్నం 3:10

పాలపిట్టా, చదువుతుంటే గుండె పట్టేసినట్టయింది. నువ్వు చేసింది ఏ తల్లయినా చేసేదే.

పడక గురించి చెల్లికి రెండు మాటలు. వెల్లకిలా, రెండు మూడు దిండ్లు మెట్లుగా పేర్చుకుని పడుకో. నాకు పక్కకు తిరిగే అలవాటు, అందుకే అటొకటి ఇటొకటి బొంత చుట్టి పెట్టుకున్నాను. ఎత్తుగా పడుకున్న రోజుకీ జారిపోయిన రోజుకీ పొద్దున్నే వాపులో తేడా అద్దంలో కనబడేది. తలమీంచి తొడుక్కునే టీషర్ట్‌లు తీసి లోపల పెట్టు, ముందు బొత్తాలున్న నైటీలు, చొక్కాలే వేసుకో. ఆవకాయ, అప్పడాలు, చిప్స్ తగ్గించు. ఉప్పు ఎక్కువైతే నీరు పడుతుంది, ముఖం ఉబ్బుతుంది. జంతికలు, చెక్కలు, చెరుకు ముక్కలు వద్దు, గట్టిగా నమిలితే పై పెదవి లాగి ముక్కు కొన దగ్గర సలుపుతుంది. పై పళ్లు తోముకునేటప్పుడు మెత్తటి బ్రష్.

కళ్లజోడు ఉందా నీకు?

తూర్పుగాలి | సోమవారం, సాయంత్రం 4:02

ఉందక్కా, మైనస్ మూడు. అది లేకపోతే టీవీ కూడా కనబడదు. ఇప్పుడు స్ప్లింట్ మీద పెట్టుకుంటున్నాను.

శ్రావణమేఘం | సోమవారం, సాయంత్రం 4:08

స్ప్లింట్ ఉన్నన్నాళ్లు కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు, నీ డాక్టర్‌ని అడుగు. స్ప్లింట్ తీశాక మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు దూలం మీద బరువు పడకూడదు. మెత్తటి ఎముక మీద కళ్లజోడు గుంటలు పెడుతుంది. నేను జోడు మధ్యలోంచి సర్జికల్ టేపు తీసి నుదుటికి అంటించుకున్నాను, ముక్కుకీ జోడుకీ మధ్య కాగితం దూరేంత ఖాళీ ఉండేది. బయటికి వెళ్తే లెన్సులు.

డల్లాస్_కోడలు | సోమవారం, సాయంత్రం 6:30

మా అత్తగారికి ఇక్కడ కనురెప్పల సర్జరీ జరిగింది. పై రెప్పలు కిందికి జారి చూపుకే అడ్డం వచ్చేవి. ముక్కు కాకపోయినా ముఖమే కదా అని రాస్తున్నాను.

ఆవిడ చాలా జాగ్రత్త మనిషి, చెప్పినవన్నీ పాటించారు. కానీ చేతుల అలవాటు ఒకటి ఉంటుందే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నాలుగో రోజు సాయంత్రం దీపం పెట్టి, హారతి తీసుకుని రెండు అరచేతులూ కళ్లకద్దుకున్నారు. కుట్ల మీద గట్టిగా ఒత్తుకుంది. కర్పూరం పొగకి కళ్లు మండి మళ్లీ నలిపారు. ఒక కుట్టు దగ్గర రక్తం చిమ్మింది. తర్వాత పది రోజులు మా ఆయనే హారతిచ్చి, చేయి ఆవిడ తల మీద పెట్టేవాడు.

ఉల్లిపాయలు కోయడం, కాటుక, కుంకుడుకాయ రసంతో తలస్నానం, రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్‌లో సీరియళ్లు, ఇవీ ఆపించాం. స్క్రీన్ చూస్తే రెప్ప కొట్టడం తగ్గి కళ్లు ఎండిపోతాయి, ఎండితే చేయి దానంతటదే కంటి మీదికి పోతుంది.

ఈఎన్‌టీ_పీజీ | సోమవారం, రాత్రి 9:45

చర్చ బాగుంది. ఎప్పుడు ఫోన్ చేయడానికి మొహమాటపడకూడదో నేను రాస్తాను, ఎందుకంటే తూర్పుగాలి గారి మొదటి పోస్టులో నన్ను ఆపేసిన మాట "మొహమాటం".

మొదటి రెండు మూడు రోజులు ఎర్రటి చెమ్మ, ఒకటి రెండు వారాలు కళ్ల చుట్టూ నలుపు, రెండు వైపులా సమానంగా వాపు మామూలే. కానీ తల ఎత్తి కూర్చున్నా రక్తం ఆగకపోతే, 101 దాటి జ్వరం వస్తే, చీము లేదా దుర్వాసన వస్తే, ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం చుక్కలుగా కారుతుంటే వెంటనే చెప్పాలి. ముక్కు లోపల నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ, రెండు వైపులా పూర్తిగా మూసుకుపోతే అదీ వెంటనే. మధ్య గోడ మీద పొర కింద రక్తం చేరి ఉండొచ్చు. గోడలోని మృదులాస్థికి (మెత్తటి ఎముకకి) ఆ పొర ద్వారానే పోషణ అందుతుంది. రక్తం చేరి పొర విడిపోతే మృదులాస్థి కరిగి, తర్వాత ముక్కు కుంగిపోయే ప్రమాదం ఉంది. కనురెప్పల సర్జరీ తర్వాత కంట్లో తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఫేస్‌లిఫ్ట్ (ముఖం చర్మం బిగించే సర్జరీ) వాళ్లకు మొదటి రోజుల్లో ఒక్కవైపే చెంప బిగుసుకుని ఉబ్బితే అంతే తొందర.

ఐస్ గురించి ఎవరూ రాయలేదు. మొదటి 48 గంటల్లో చెంపలకు, కళ్ల చుట్టూ, గుడ్డలో చుట్టి, కాసేపు పెట్టి తీయాలి. ముక్కు మీద బరువు వేయకూడదు, ఐస్ ముక్క నేరుగా చర్మానికి తగలకూడదు. సర్జరీ తర్వాత చర్మానికి స్పర్శ తక్కువగా ఉంటుంది, కాలినా తెలియదు. హెయిర్ డ్రయ్యర్‌తోనూ అదే ప్రమాదం.

యోగా చేసేవాళ్లు కపాలభాతి, భస్త్రిక, శీర్షాసనం, జలనేతి డాక్టర్ సరేననేదాకా చేయొద్దు. "ప్రాణాయామమే కదా" అని మొదలుపెట్టి రక్తంతో వచ్చినవాళ్లను చూశాను.

తూర్పుగాలి | శుక్రవారం, రాత్రి 8:20

నిన్న స్ప్లింట్, కుట్లు తీశారు. ఈ చర్చలో రాసినవన్నీ నోటు పుస్తకంలో రాసుకుని వెళ్లి అడిగాను, డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. అన్నీ బాగున్నాయట.

కానీ ఇంటికొచ్చాక ఏడ్చాను. కొన బాగా ఉబ్బి పైకి లేచినట్టుంది, నా ముఖం నాది కానట్టుంది. పొద్దుటి నుంచి ఇరవై ఫొటోలు తీసుకున్నాను. పక్కింటి ఆంటీ వచ్చి "ఇంతేనా?" అని వెళ్లారు. అమ్మ ఆవిడతో ఏమీ అనలేదు. నా ఫోన్ మాత్రం తీసి బీరువాలో పెట్టింది. ఇది లాప్‌టాప్‌లో రాస్తున్నాను.

శ్రావణమేఘం | శుక్రవారం, రాత్రి 8:41

అమ్మ చేసింది మంచి పని. ఇప్పుడు కనిపించేది నీ ముక్కు కాదు, వాపు. ఎక్కువ భాగం నెలా రెండు నెలల్లో దిగుతుంది, కొన దగ్గర ఏడాది పడుతుంది, మందపాటి చర్మమైతే ఇంకా ఎక్కువ. నేను కూడా స్ప్లింట్ తీసిన రాత్రి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. నెలకు ఒక్క ఫొటో, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో తీసుకో. గంటకోసారి చూసుకోవడం, వేలితో నొక్కి చూసుకోవడం మానెయ్. రాత్రి ఫోన్ చేయాలనిపిస్తే నంబరు అడుగు, మెసేజ్‌లో పంపుతాను.

సిస్టర్_బెజవాడ | శుక్రవారం, రాత్రి 9:15

పెళ్లి విషయం అడిగారు, మరచిపోయాను. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఆడపడుచు లేకుండా పెళ్లేంటి? కానీ అప్పటికి నాలుగు వారాలే నిండుతాయి, ఎముక ఇంకా పచ్చిదే. మెట్లెక్కి కొండకు వెళ్లొద్దు, బండిలో వెళ్లండి. వ్రతం దగ్గర గంటల తరబడి వంగి కూర్చోవద్దు. సాష్టాంగ నమస్కారం వద్దు, చేతులు జోడిస్తే చాలు. హోమం పొగకు ఎదురుగా కాకుండా గాలి వచ్చే వైపు కూర్చోండి. సామాన్ల పెట్టెలు ఎత్తొద్దు. హత్తుకోవడానికి వచ్చే బంధువులకు ముందే మీ అమ్మగారి చేత చెప్పించండి.

ఎండ చాలా ముఖ్యం. మన చర్మానికి నలుపు త్వరగా పట్టి, నెమ్మదిగా వదులుతుంది. కమిలిన చోట, కుట్టు గీత మీద ఎండ తగిలితే మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ సన్‌స్క్రీన్, పైన గొడుగు. మేకప్ డాక్టర్ ఒప్పుకుంటేనే, అదీ వేయడం కంటే తీయడంలో జాగ్రత్త. దూదితో రుద్దకండి, తడిపి మెల్లగా అద్దండి. ఫేషియల్, బ్లీచ్ ఇప్పుడు వద్దే వద్దు.

తూర్పుగాలి | మూడు వారాల తర్వాత ఆదివారం, సాయంత్రం 5:47

అన్నవరం నుంచి రాస్తున్నాను. నిన్న రాత్రి పెళ్లి బాగా జరిగింది. లెన్సులు పెట్టుకున్నాను. హోమం దగ్గర అమ్మ నా కుర్చీ తనే రెండుసార్లు జరిపింది. మేనత్త హత్తుకోబోతే మధ్యలోకి వచ్చి "దాని ముక్కు పచ్చిగా ఉంది వదినా, ఆశీర్వదించు చాలు" అంది. తలంబ్రాలప్పుడు పిల్లల గుంపుకి దూరంగా నిలబడ్డాను. రెండుసార్లు తుమ్మాను, నోరు తెరిచే.

ఒక్క ప్రశ్న మిగిలింది. సర్జరీకి ముందు తీసిన ముక్కుపుడక అమ్మమ్మది. రంధ్రం పూడుకుపోతుందేమోనని అమ్మ దిగులు పడుతోంది. ఇప్పుడు పెట్టుకోవచ్చా?

సిస్టర్_బెజవాడ | ఆదివారం, సాయంత్రం 6:20

ఇప్పుడు వద్దమ్మా. పుడక దూర్చేటప్పుడు ముక్కు రెక్కని లోపలి నుంచి వేలితో నెట్టాలి, ఆ ఒత్తిడి ఇప్పుడే పడకూడదు. పాత రంధ్రాన్ని కదిలిస్తే ఇన్‌ఫెక్షన్ భయం కూడా ఉంది. వచ్చే చెకప్‌కి పుడక వెంట తీసుకెళ్లండి, డాక్టర్ చూసి ఎప్పుడు పెట్టుకోవచ్చో చెప్తారు. పూడుకుపోతే మళ్లీ కుట్టించుకోవచ్చు. రేపు ఇంటికి తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు కూర్చుంటే సన్‌స్క్రీన్ మరవకండి.